టాటా 1613లోని 5.9 లీటర్ల కమిన్స్ ఇంజిన్: 13 ఏళ్లు, 7.6 లక్షల కిలోమీటర్లు నడిపాక

మా ఆరు టైర్ల టాటా 1613 లారీ 2012 వేసవిలో చిత్తూరులోని మా ఇంటి ముందుకు వచ్చింది. మీటరు ఇప్పుడు 7,60,000 కిలోమీటర్లు దాటింది. మదనపల్లె టమోటాను చెన్నై కోయంబేడు మార్కెట్‌కు దించడం, తిరుగు దారిలో ఎరువులో, సిమెంటో, పశువుల దాణానో ఎక్కించుకుని ఘాట్ ఎక్కడం, మామిడి కాలంలో తోటల నుంచి గుజ్జు ఫ్యాక్టరీలకు తోతాపురి తోలడం దీని పని. పాత బండి కొనాలనుకునే వారు నన్ను అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒక్కటే. "అన్నా, ఈ ఇంజిన్ ఎన్ని లక్షలు తిరుగుతుంది?" మొదట్లో నేను కూడా ఏదో ఒక అంకె చెప్పేవాడిని. ఇంజిన్ ఆయుష్షును కిలోమీటర్లలో చెప్పడం సరికాదని ఈ బండే నాకు నేర్పింది. ఈ సమీక్షలో ఇంజిన్ మంచిచెడ్డలతో పాటు, ఆ ప్రశ్నకు నాకు తెలిసిన సరైన సమాధానం కూడా రాస్తున్నాను.

ముందు ఇంజిన్ గురించి. 1613 అనే పేరులోనే దాని కొలత ఉంది. 16 అంటే బండి, లోడు కలిపి పదహారు టన్నుల తరగతి, 13 అంటే 130 హార్స్ పవర్ తరగతి. ఇందులో కమిన్స్ బి సిరీస్‌కు చెందిన 6బీటీ ఇంజిన్ ఉంది. ఈ ఇంజిన్ల కోసమే టాటా, కమిన్స్ సంస్థలు 1993లో టాటా కమిన్స్ అనే ఉమ్మడి కంపెనీని పెట్టి, జంషెడ్‌పూర్‌లో ఫ్యాక్టరీ కట్టాయి. వరుసగా ఆరు సిలిండర్లు, బోరు (సిలిండరు లోపలి వెడల్పు) 102 మిల్లీమీటర్లు, స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 120 మిల్లీమీటర్లు, ఒక్కో సిలిండరుకు రెండు వాల్వులు. బ్లాకు, హెడ్డు రెండూ పోత ఇనుమే. వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్‌ను తిప్పేది పళ్ల చక్రాలు కాబట్టి తెగిపోయే బెల్టు గానీ, సాగిపోయే చైను గానీ లేవు. పిస్టన్లు తిప్పే ఇరుసైన క్రాంకుకు ఏడు మెయిన్ బేరింగులు ఉన్నాయి, అంటే ప్రతి సిలిండరుకూ అటూ ఇటూ ఆధారం ఉంది. మా బండిలో డీజిల్ పంపు మెకానికల్ రకం కాబట్టి దారిలో ఆగిపోతే లాప్‌టాప్ పట్టుకుని ఎవరో రావాల్సిన అవసరం లేదు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఇన్‌లెట్ వాల్వుకు 0.25, ఎగ్జాస్ట్ వాల్వుకు 0.50 మిల్లీమీటర్ల సందు పెట్టుకుంటే చాలు, ట్యాపెట్ల పని పూర్తయినట్టే. పలమనేరులో గానీ, పీలేరులో గానీ ఈ ఇంజిన్ తెలియని మేస్త్రీ లేడు.

కొనేవారు తప్పక తెలుసుకోవలసిన ఒక సంగతి ఉంది. ఈ ఇంజిన్‌లో విడిగా లైనర్లు, అంటే సిలిండరు లోపల మార్చుకోగల గొట్టాలు, ఉండవు. పిస్టన్ నేరుగా బ్లాకులో తొలిచిన బోరులోనే ఆడుతుంది. లైనర్లున్న ఇంజిన్ అయితే పాతవి లాగేసి కొత్తవి దిగ్గొట్టి, రెండు మూడు రోజుల్లో రోడ్డెక్కవచ్చు. దీనికి ఆ వీలు లేదు. బోరు అరిగితే బ్లాకును ఛాసిస్ నుంచి పూర్తిగా దించి, లేత్ షెడ్డుకు మోసుకెళ్లి, బోరింగు చేయించి, అర మిల్లీమీటరు లేదా ఒక మిల్లీమీటరు పెద్ద పిస్టన్లు వేయాలి. ఆ రెండు అవకాశాలూ అయిపోతే బ్లాకుకు స్లీవులు (బోరులో బిగించే గొట్టాలు) దిగ్గొట్టాలి. అందువల్ల ఈ ఇంజిన్‌లో బోరును కాపాడుకోవడమే యజమాని మొదటి బాధ్యత అని నా అభిప్రాయం. ఈ సంగతిని నేను ఆలస్యంగా, చాలా డబ్బు పోగొట్టుకున్నాక గ్రహించాను.

మా అక్క భర్త రేణిగుంటలో ఉంటారు. ఆయన కూడా అదే ఏడాది ఇదే 1613 కొన్నారు. ఆయన బండి రేణిగుంట నుంచి పుత్తూరు, నగరి మీదుగా చెన్నైకి కిరాణా సరుకులు, పార్సిళ్లు తోలుతుంది. దారి చాలావరకు చదును, బరువు ఎప్పుడూ పరిమితికి లోపలే. ఆయన ఇంజిన్‌ను మొదటిసారి విప్పింది 8,61,000 కిలోమీటర్ల దగ్గర. నాది 5,12,000కే చేతులెత్తేసింది. ఒకే కంపెనీ, ఒకే ఏడాది, ఒకే ఇంజిన్. తేడా మూడున్నర లక్షల కిలోమీటర్లు. ఇంటి పెళ్లిళ్లలో కలిసినప్పుడల్లా ఈ మాట వచ్చేది, నా డ్రైవింగు మీద ఒక మాట పడేది.

మా నాన్నగారి అలవాటు ప్రకారం నేను డీజిల్ కొట్టించిన ప్రతిసారీ లీటర్లను, మీటరు అంకెను ఒక పొడవాటి లెక్కల పుస్తకంలో రాస్తాను. బావ కూడా రాస్తారు. ఒక సంక్రాంతికి ఇద్దరం కూర్చుని రెండు పుస్తకాలూ మొదటి పేజీ నుంచి కూడాము. నా బండి సగటు లీటరుకు 4.2 కిలోమీటర్లు, ఆయనది 5.7. అంటే 5.12 లక్షల కిలోమీటర్లకు నా ఇంజిన్ కాల్చిన డీజిల్ సుమారు 1,22,000 లీటర్లు. ఆయన ఇంజిన్ 8.61 లక్షల కిలోమీటర్లకు కాల్చింది సుమారు 1,51,000 లీటర్లు. కిలోమీటర్లలో చూస్తే కొండంతగా కనిపించిన తేడా డీజిల్‌లో చూస్తే ఆయన లెక్కలో అయిదో వంతే అయింది. ఇంజిన్‌కు రోడ్డు కనపడదు. ఎన్ని లీటర్లు మండాయి, ఎంత వేడి, ఎంత ఒత్తిడి పిస్టన్ల మీద, బేరింగుల మీద పడ్డాయి అన్నదే దానికి తెలుస్తుంది. నా ఇంజిన్ కూడా ఆరోగ్యంగా 1,51,000 లీటర్లు కాల్చి ఉంటే, ఇదే ఘాట్ దారిలో 6.34 లక్షల దాకా వచ్చేది. కాబట్టి మూడున్నర లక్షల తేడాలో దాదాపు రెండు లక్షల ముప్పై వేలు దారి వల్ల, బరువు వల్ల వచ్చింది. దాని గురించి నేను బాధపడనవసరం లేదు, అది నా కిరాయిలో వెనక్కి వచ్చింది. మిగిలిన లక్షా ఇరవై వేల కిలోమీటర్లే నిజంగా నేను నష్టపోయింది.

ఈ లెక్క వల్లే ఇతరుల అంకెలను పోల్చుకోవడంలో జాగ్రత్త అవసరమని చెబుతున్నాను. ఇదే 5.9 లీటర్ల ఇంజిన్‌ను అమెరికాలో 1989 మోడల్ నుంచి డాడ్జ్ పికప్ బండ్లలో అమ్మారు. అక్కడ అది మోసేది మూడు నాలుగు టన్నుల బండిని. అక్కడివారు చెప్పే దూరాలు మన పదహారు టన్నుల బండికి వర్తించవు. ఇంజనీర్లు ఇంజిన్ ఆయుష్షును బీ10, బీ50 అనే పేర్లతో చెబుతారు. వంద ఇంజిన్లలో పది పెద్ద రిపేరుకు వచ్చే దూరం బీ10, యాభై వచ్చే దూరం బీ50. అంటే అవి ఏ ఒక్క ఇంజిన్‌కూ ఇచ్చిన హామీలు కావు, ఒక తరహా వాడకంలో గుంపు మొత్తానికి వేసిన అంచనాలు. మన దారి ఆ తరహా వాడకమేనా అని మనమే చూసుకోవాలి.

మన దారి ఎలాంటిదో ఈ ప్రాంతం వారికి చెప్పనవసరం లేదు. తిరుపతి సముద్ర మట్టానికి సుమారు 160 మీటర్ల ఎత్తున ఉంటే మదనపల్లె దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉంది. భాకరాపేట ఘాట్ ఎక్కినా, చిత్తూరు నుంచి మొగిలి ఘాట్ మీదుగా పలమనేరు ఎక్కినా, నిండు లోడుతో ఇంజిన్ ఎక్కువసేపు పూర్తి శక్తి మీద ఉంటుంది. మే నెలలో బయట నలభై డిగ్రీలు దాటినప్పుడు అదే పని మరింత బరువవుతుంది. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు డీజిల్ కలిసొస్తుందని పెద్ద గేరులోనే ఈడ్పించడం. ఇంజిన్ తక్కువ తిరుగుడులో గుడుగుడుమంటూ ఏడుస్తుంటే బేరింగుల మధ్య ఆయిల్ పొర పలచబడుతుంది, ఒత్తిడి మాత్రం పూర్తిగా పడుతుంది. ఒక గేరు తగ్గించి తిప్పనిస్తే ఇంజిన్‌కూ సుఖం, చల్లదనమూ మెరుగు. దిగేటప్పుడు న్యూట్రల్ వేయడం గురించి ఒక్క మాటే రాస్తాను. మొగిలి ఘాట్‌లో జరిగిన ప్రమాదాలు చూసిన వారెవరూ ఆ పని చేయరాదు.

బరువు విషయంలో 2018 జులైలో కేంద్రం యాక్సిల్ పరిమితులు పెంచిన తర్వాత, ఆరు టైర్ల బండికి 16.2 టన్నుల నుంచి 18.5 టన్నులకు వెసులుబాటు దొరికింది. చట్టం ఒప్పుకున్నంత మాత్రాన 130 హార్స్ పవర్ ఇంజిన్‌కు బలం పెరగదు. పాత బండిలో కొత్త పరిమితి దాకా ఎక్కించి ఘాట్ ఎక్కే యజమాని ఆ అదనపు కిరాయిలో కొంత ఇంజిన్ పేరున పక్కన పెట్టుకోవడం న్యాయం.

ఇప్పుడు ఆ లక్షా ఇరవై వేల కిలోమీటర్ల సంగతి. 2020 చివరలో బండి నీలం పొగ వేయడం మొదలుపెట్టింది. ఆయిల్ మార్చిన తర్వాత మళ్లీ మార్చేలోపు నాలుగైదు లీటర్లు పోయాల్సి వచ్చేది. ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత విప్పి ఆ రంధ్రం మీదే బోర్లా పెడితే మంచి ఇంజిన్‌లో అది కొద్దిగా వణుకుతూ కదలకుండా ఉంటుంది. నా బండిలో ఎగిరి బంపరు మీద పడింది. పిస్టన్ రింగులను దాటుకుని మంట గాలి ఇంజిన్ కింది ఆయిల్ గదిలోకి దూరుతోందని అర్థం. చిత్తూరు చుట్టుపక్కల ఒక షెడ్డుకు తీసుకెళ్తే, హాఫ్ ఇంజిన్ పని చాలని చెప్పి, బ్లాకు దించకుండానే కొత్త రింగులు, బేరింగులు, హెడ్ గ్యాస్కెట్టు వేసి 62,000 రూపాయలు తీసుకున్నారు. బోరు కొలవలేదు. కొలవమని అడగాలని నాకూ తెలియలేదు. 56,000 కిలోమీటర్లకే అదే పొగ, అదే ఆయిల్ దాహం తిరిగి వచ్చాయి.

2022లో తిరుపతిలో ఒక పెద్ద వయసు మేస్త్రీ దగ్గరికి వెళ్లాను. ఆయన ఇంజిన్ ముట్టుకోకముందే ఎయిర్ క్లీనర్ నుంచి, ఇంజిన్‌లోకి గాలి నెట్టే టర్బోకు పోయే రబ్బరు హోసు విప్పమన్నారు. జేబులోంచి తెల్లటి గుడ్డ తీసి, వేలికి చుట్టి, హోసు లోపల తిప్పి నా ముందు పెట్టారు. గుడ్డ మీద ఎర్రమన్ను. ఫిల్టరు దాటిన తర్వాత అక్కడ ఒక్క రేణువు కూడా ఉండకూడదు. హోసు వంపు దగ్గర, క్లాంపు కింద, వేలితో సాగదీస్తే తప్ప కనిపించని పగులు ఒకటి ఉంది. ఆయన ఆ తర్వాత టర్బో మూతి తెరిచి లోపలి ఫ్యాను రెక్కను వేలితో తడమమన్నారు. అంచు మొద్దుగా ఉండాల్సింది పోయి, రాతి మీద సాన పట్టిన కత్తిలా పలచబడి ఉంది. "ఇది డీజిల్ తిన్నది కాదు సామీ, మన్ను తిన్నది. ఎన్నేండ్లుగా తింటా ఉండాదో ఏమో" అన్నారు.

తర్వాత ఇంజిన్ దించి, బోరు గేజి పెట్టినప్పుడు నేను పక్కనే నిలబడ్డాను. కొత్తలో 102.00 మిల్లీమీటర్లు ఉండే బోరుకు కంపెనీ పుస్తకం ఇచ్చిన చివరి హద్దు 102.116. నాది ఆరో సిలిండరులో పై రింగు వెనక్కి మళ్లే చోట 102.21 ఉంది. అదే బోరు కింది భాగంలో దాదాపు కొత్త కొలతే. పైన వెడల్పు, కింద ఇరుకు ఉన్న గొట్టంలో గుండ్రటి కొత్త రింగులు వేస్తే అవి ప్రతి స్ట్రోకుకూ తెరుచుకుని మూసుకుంటూ ఎంతకాలం నిలుస్తాయి? మొదటి షెడ్డు పని ఎందుకు నిలవలేదో ఆ గేజి ముల్లు చూస్తే నాకు అర్థమైంది. దుమ్ము పైనుంచి గాలితో వస్తుంది కాబట్టి పైరింగు దగ్గరే ఎక్కువ కోస్తుంది. ఇటుక బట్టీల దారుల్లో, మామిడి తోటల మట్టి బాటల్లో, గ్రానైట్ క్వారీల పక్కన తిరిగే బండ్లకు ఇంతకు మించిన శత్రువు లేదని ఇప్పుడు నా నమ్మకం.

ఫిల్టరు విషయంలో నేను చేసిన మరో తప్పు కూడా అక్కడే తేలింది. వారం వారం పంక్చరు షాపులో గాలి గొట్టం పెట్టి ఫిల్టరు కొట్టించడం శుభ్రత అనుకునేవాడిని. ఆ ఒత్తిడికి కాగితం మడతల్లో కంటికి కనిపించని చిరుగులు పడతాయి. కొద్దిగా మురికి పట్టిన ఫిల్టరు నిజానికి కొత్తదాని కంటే బాగా వడపోస్తుంది. గాలి అడ్డగింపు చూపించే సూచిక ఎర్రగా మారినప్పుడు మార్చేయడమే సరైన పద్ధతి. ఫిల్టరు ఖరీదు ఒక ట్రిప్పు టోల్ ఖర్చును కూడా దాటదు.

తిరుపతి షెడ్డులో బోర్లన్నీ అర మిల్లీమీటరు పెంచి, హోనింగు (లోపలి గోడకు సన్నని సాన) చేసి, క్రాంకు జర్నళ్లను (బేరింగుల్లో తిరిగే భాగాలను) 0.25 మిల్లీమీటరు తగ్గించి సాన పట్టించి, హెడ్డుకు నీటి ఒత్తిడి పరీక్ష చేయించి, వాల్వు సీట్లు కోయించి, పిస్టన్లు, రింగులు, బేరింగులు అన్నీ కొత్తవి వేశారు. ఖర్చు 1,85,000 రూపాయలు, పదహారు రోజులు. తొమ్మిది రోజుల్లో ఇస్తామని చెప్పి వారం ఆలస్యం చేయడం నాకు నచ్చలేదు, ఎందుకంటే అది టమోటా ధర మంచి ఊపు మీద ఉన్న వారం. కానీ బ్లాకును వేడి ద్రావణంలో కడిగి, ఆయిల్ దారులన్నింటినీ బ్రష్షు పెట్టి తోమి, ఆరబెట్టి, కొలతలన్నీ కాగితం మీద రాసి నా చేతికి ఇచ్చారు. బోరింగు తర్వాత మిగిలే ఇనుప పొడి ఒక చిటికెడు ఆయిల్ దారిలో ఉండిపోయినా కొత్త బేరింగులు నెల తిరగకుండా పోతాయి. ఆ కడగడానికే రెండు రోజులు పట్టిందంటే ఆ రెండు రోజుల గురించి నేను ఫిర్యాదు చేయను.

అలా విప్పినప్పుడే బయటపడిన రెండో దోషం థర్మోస్టాట్, అంటే ఇంజిన్ వేడిని బట్టి నీటి దారిని తెరిచి మూసే కవాటం. 2015లో భాకరాపేట ఘాట్‌లో బండి వేడెక్కిందని దారిలో ఒక మెకానిక్ థర్మోస్టాట్ తీసి పారేశారు. మన లారీ లోకంలో ఇది మామూలైపోయింది, అడ్డం తీసేస్తే నీళ్లు బాగా తిరుగుతాయనే ఆలోచన. ఈ ఇంజిన్‌లో అది సుమారు 83 డిగ్రీల దగ్గర తెరుచుకుంటుంది. అది లేకపోతే శీతాకాలపు రాత్రి మదనపల్లె నుంచి దిగేటప్పుడు ముల్లు సగం కూడా ఎక్కదు. చల్లని బోరు గోడల మీద డీజిల్ పూర్తిగా మండకుండా ఆయిల్ పొరను కడిగేస్తుంది, మసి ఆయిల్‌లోకి దిగుతుంది, ఆయిల్ జిగటగా బురదలా మారుతుంది. వేడి సమస్య కూడా తీరదు. చాలా ఇంజిన్లలో థర్మోస్టాట్ తెరుచుకున్నప్పుడు పక్కదారిని మూసి, నీళ్లన్నిటినీ రేడియేటరుకు పంపుతుంది. దాన్ని తీసేస్తే కొంత వేడి నీరు రేడియేటరుకు పోకుండానే తిరిగి ఇంజిన్‌లోకి వెళ్తుంది. అంటే చల్లగా ఉండాల్సినప్పుడు మరీ చల్లగా, ఘాట్‌లో మరీ వేడిగా.

అసలు ఆనాడు వేడెక్కడానికి కారణం రేడియేటరులో నేను పోస్తూ వచ్చిన బోరుబావి నీళ్లు. మా వైపు బోరు నీళ్లలో సున్నం ఎక్కువ, ఇంట్లో నీళ్లు కాచుకునే గిన్నె అడుగు చూస్తేనే తెలుస్తుంది. అదే తెల్లటి పెచ్చు బ్లాకులోని నీటి గదుల్లో గోరంత మందాన పేరుకుని ఉంది. ఇనుముకూ నీటికీ మధ్య ఆ పెచ్చు దుప్పటిలా అడ్డుపడుతుంది. ముల్లు మామూలుగానే చూపిస్తున్నా లోపల బోరు గోడ కాగిపోతూ ఉంటుంది. ఇప్పుడు శుద్ధి చేసిన నీటిలో సగానికి సగం కూలెంట్ కలిపి పోస్తున్నాను. బండిలో అదే మిశ్రమం ఒక క్యాను ఎప్పుడూ ఉంటుంది. క్లీనరుకు చెప్పింది కూడా అదే, దారిలో ఏ చేతిపంపు దగ్గరా బకెట్టు పట్టవద్దని.

ఆయిల్ గురించి పెద్దగా చెప్పేది లేదు. 15డబ్ల్యూ-40 చిక్కదనం, సీఐ-4 నాణ్యతా తరగతి, నమ్మకమైన డీలరు దగ్గర సీలు చూసి కొనాలి, ఘాట్ దారిలో తిరిగేవారు పుస్తకం చెప్పిన దూరం కంటే కొంచెం ముందే మార్చాలి. డీజిల్ విషయంలో మాత్రం మనకు ఒక మేలు జరిగింది. మా బండి కొన్నప్పుడు ఇక్కడి బంకుల్లో దొరికిన బీఎస్-3 (కాలుష్య ప్రమాణం) డీజిల్‌లో గంధకం పది లక్షల భాగాలకు 350 భాగాల దాకా ఉండవచ్చు. 2017లో దేశమంతటా బీఎస్-4 వచ్చినప్పుడు అది 50కి, 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 వచ్చాక 10కి తగ్గింది. గంధకం మండితే ఆమ్లం తయారవుతుంది, దాన్ని విరచడానికి ఆయిల్‌లోని మందు ఖర్చవుతుంది. పాత ఇంజిన్‌లో కొత్త డీజిల్ పోయడం ఆ మేరకు దానికి ఆరోగ్యమే.

మామిడి కాలం గురించి ప్రత్యేకంగా రాయాలి, ఎందుకంటే మీటరు చెప్పని అరుగుదల అక్కడే ఉంది. జూన్, జులై నెలల్లో గుజ్జు ఫ్యాక్టరీల ముందు బండ్లు రోజుల తరబడి వరుసలో నిలబడతాయి. అడుగు అడుగునా ముందుకు జరపాలి కాబట్టి చాలామంది ఇంజిన్ ఆపరు. గంటకు లీటరున్నర, రెండు లీటర్ల డీజిల్ మండుతుంది, కిలోమీటరు మాత్రం కదలదు. ఊరికే తిరిగే ఇంజిన్‌లో మంట చల్లగా, సగం సగంగా ఉంటుంది, మసి ఎక్కువ చేరుతుంది, డీజిల్ చిమ్మే నాజిళ్ల మూతులకు బొగ్గు పడుతుంది. అలా నెల రోజులు నిలబడిన బండికి మీటరు చూసి ఆయిల్ మార్చడమంటే లెక్క తప్పడమే. నేను ఇప్పుడు వరుసలో ఇంజిన్ ఆపేస్తాను, మామిడి కాలం ముగియగానే మీటరుతో సంబంధం లేకుండా ఆయిల్ మారుస్తాను.

టర్బో ఆయుష్షుకు మా డ్రైవరు పాటించే నియమం ఒక్కటే. ఘాట్ ఎక్కి టీ దుకాణం దగ్గర ఆపినప్పుడు వెంటనే తాళం తిప్పకుండా రెండు మూడు నిమిషాలు ఊరికే తిరగనిస్తాడు. ఎర్రగా కాగిన టర్బో ఇరుసుకు ఆయిల్ ఒక్కసారిగా ఆగిపోతే ఉన్న ఆయిల్ అక్కడే మాడి గట్టిపడుతుంది. తెల్లవారుజామున స్టార్ట్ చేసినప్పుడు కూడా ఆయిల్ ముల్లు లేచేదాకా యాక్సిలరేటరు తొక్కడు.

కొత్త బీఎస్-6 బండ్లతో పోల్చమని కొందరు అడుగుతున్నారు. వాటిలో పొగ మసిని పట్టే ఫిల్టరు, యూరియా ద్రావణంతో పొగను శుద్ధి చేసే అమరిక ఉంటాయి. గాలికి అది తప్పకుండా మంచిదే, చెన్నై పొలిమేరల్లో రాత్రంతా వరుసలో నిలబడే డ్రైవర్ల ఊపిరికి ఇంకా మంచిది. అయితే ఆ మసి ఫిల్టరు తనను తాను కాల్చి శుభ్రం చేసుకోవాలంటే పొగ బాగా వేడెక్కాలి. కాబట్టి దూరం, లోడు, వేగం నిలకడగా ఉండే దారికి కొత్త బండి సరిపోతుంది. తోట నుంచి ఫ్యాక్టరీకి పది ఇరవై కిలోమీటర్లు తోలి గంటల తరబడి నిలబడే పనికి పాత మెకానికల్ ఇంజిన్ ఇప్పటికీ తేలికైన తోడు.

ఈ ఇంజిన్‌కు నేను ఇచ్చే స్థానం చాలా ఎత్తులోనే ఉంది. నేను మన్ను తినిపించాను, సున్నం నీళ్లు తాగించాను, థర్మోస్టాట్ లేకుండా ఏడేళ్లు నడిపాను. అయినా దారి మధ్యలో ఒక్కసారి కూడా కనెక్టింగ్ రాడ్డు విరిగో, క్రాంకు పగిలో నిలబెట్టలేదు. క్రాంకును కొలిచినప్పుడు మేస్త్రీ కూడా దాని స్థితికి ఆశ్చర్యపోయారు. ఘాట్‌లో తక్కువ తిరుగుడు నుంచే లాగే స్వభావం, ఎక్కడైనా దొరికే స్పేర్లు దీని బలం. కేబిన్‌లో చప్పుడు ఎక్కువ, రాత్రి ప్రయాణంలో డ్రైవరు అలసిపోతాడు. ఒరిజినల్‌ను పోలిన అట్టపెట్టెల్లో నకిలీ రింగులు, బేరింగులు బజారులో తిరుగుతున్నాయి కాబట్టి స్పేర్లు స్వయంగా వెళ్లి కొనడం మేలు.

పాత 1613 చూడటానికి వెళ్లేవారు మీటరు అంకె మీద బేరమాడే ముందు మూడు పనులు చేయండి. తెల్లటి గుడ్డతో ఫిల్టరు తర్వాతి హోసు లోపల తుడిచి చూడండి. ఇంజిన్ బాగా వేడెక్కాక ఆయిల్ మూత బోర్లా పెట్టి చూడండి. రేడియేటరు మూత మాత్రం చల్లారాకే తీసి, నీళ్ల రంగు చూడండి. యజమాని దగ్గర డీజిల్ లెక్క ఉంటే ఇంకా మంచిది, లేకపోతే ఏ దారిలో, ఏ సరుకు తోలాడో అడగండి. చదును దారిలో ఏడు లక్షలు తిరిగిన బండి, క్వారీ దారిలో నాలుగు లక్షలు తిరిగిన దాని కంటే మంచి స్థితిలో ఉండటం చాలా సార్లు చూశాను.

బోరింగు తర్వాత మా ఇంజిన్ ఇప్పటికి 1,92,000 కిలోమీటర్లు నడిచింది, సుమారు 46,000 లీటర్లు కాల్చింది. ఆయిల్ మార్పుల మధ్య లీటరు కూడా పోయడం లేదు, మూత బోర్లా పెడితే కదలడం లేదు. బావ ఇంజిన్ మొదటి విడతలో కాల్చినంత ఇదీ కాల్చగలిగితే, ఇదే ఘాట్ దారిలో ఇంకా నాలుగు లక్షల కిలోమీటర్లకు పైగా మిగిలి ఉన్నట్టు లెక్క. ఎయిర్ క్లీనర్ హోసును, రెండు క్లాంపులను మొన్న ఉగాదికి మళ్లీ కొత్తవి వేశాను. పాత హోసుకు పగులు ఏమీ లేదు, గుడ్డ తెల్లగానే వచ్చింది.